కట్ట మీది ముక్క

ఇంట్లో మా వదిన చేసిన ఆఖరి పని పళ్ళు కడగటం. తన పళ్ళు కాదు. ఆదివారం పేకాట ముగిశాక బల్ల మీదున్న పళ్ళన్నీ జల్లెడలో పోసి, సబ్బు నీళ్ళతో కడిగి, కిటికీ పక్కన తువాలు పరిచి ఆరబోసింది. మర్నాడు మామూలుగానే ల్యాబుకి వెళ్ళింది. భోజనాల వేళ కాబోతుండగా, మైనం కరిగించే దీపం ఆర్పేసి కుర్చీలో వెనక్కి వాలింది. మళ్ళీ లేవలేదు. దీపం ఆర్పిందంటే ముందే తెలిసిందన్నమాట అని కొందరన్నారు. తెలిస్తే ఎవర్నో ఒకర్ని పిలిచేది కదా అని మరికొందరన్నారు. దీపం ఆర్పకుండా వెనక్కి వాలే మనిషి కాదు మా వదిన. అందులో అంతకుమించి వెతకటానికేమీ లేదని నా ఉద్దేశం.

మేం ఇంటికి వచ్చేసరికి కిటికీ పక్కన పళ్ళు ఆరి ఉన్నాయి. పలకరించటానికి వచ్చిన పక్కింటావిడ వాటిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇవన్నీ... ఆవిడవేనా?"

అంత దుఃఖంలోనూ అన్నయ్యకి నవ్వాగలేదు. "ఒక్క మనిషికి అన్ని పళ్ళు ఉంటాయామ్మా?" అన్నాడు. నవ్వుతూనే గోడవైపు తిరిగిపోయాడు.

వదిన కట్టుడు పళ్ళు చేసేది. దంత వైద్యులు పంపిన అచ్చుల మీద మైనం పోసి, ఒక్కో పన్నూ అందులో నిలబెట్టి, పై దవడనీ కింది దవడనీ కలిపి, మధ్యలో నీలం కాగితం పెట్టి, ఎక్కడ ఎక్కువగా తగులుతోందో చూసి అరగదీసేది. ముఖం ఎన్నడూ చూడని మనుషుల నవ్వులు ఆవిడ చేతిలో తయారయ్యేవి. దారిలో ఎవరైనా నవ్వితే ముందు పళ్ళవంక చూసి, ఆ తర్వాత కళ్ళవంక చూసేది. మా అన్నయ్యని పెళ్ళిచూపుల్లో కూడా అలాగే చూసిందట. "పై పళ్ళు రెండు కాస్త ఎడం. అబద్ధాలు నిలవవు, సందులోంచి జారిపోతాయి, అనుకున్నా" అని తర్వాత చెప్పింది. నిజమే. అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు.

పేకాట ఆవిడకి ల్యాబులోనే పట్టుబడింది. ల్యాబు యజమానిని అందరూ మేస్త్రిగారు అనేవారు. పడుచుతనంలో ఆయన ఓడల్లో వంటవాళ్ళకి కూరలు తరిగిపెట్టే పని చేశాడు. అక్కడ ఒంటబట్టింది పోకర్ అనే పేకాట. ఒడ్డుకి వచ్చి పళ్ళ పని నేర్చుకున్నాక భోజనాల వేళల్లో తన దగ్గర పనిచేసేవాళ్ళకి నేర్పాడు. డబ్బు పెట్టి ఆడితే పని చెడుతుందని పళ్ళు పెట్టాడు. పళ్ళు అట్టలకి అంటించి సెట్లు సెట్లుగా వస్తాయి. ఒక పన్ను విరిగితే ఆ సెట్టు దెబ్బతింటుంది. రంగు కలవనివీ, జోడు పోయినవీ ఒక డబ్బాలో పోగుపడేవి. ముందుపన్ను విలువ ఒకటి, కోరపన్ను ఐదు, దవడపన్ను పది.

పెళ్ళి ఖాయమయ్యాక మా అమ్మకి ఈ సంగతి తెలిసింది.

"పిల్లకి పేకాట వచ్చటగా?" అంది అన్నయ్యతో, గొంతు తగ్గించి.

"వచ్చటమ్మా. నాకు రాదు. ఇద్దర్లో ఒకళ్ళకైనా రావాలిగా."

అన్నయ్య పుస్తకాలు బైండు చేసేవాడు. ఒక అచ్చాపీసులో వెనకగది అతనిది. నేను గ్రంథాలయంలో పనిచేసేదాన్ని కాబట్టి అతని పని నా చేతుల్లోంచి రోజూ వెళ్ళేది. తెరిస్తే విరగని వీపు, మూస్తే నోరు తెరవని అట్ట. దారం లాగేటప్పుడు నాలుక కొస పళ్ళ సందున పెట్టేవాడు. ఆ సందు అందుకే వచ్చిందని వదిన ఎగతాళి.

ఒకరోజు కాగితాలు కోసే యంత్రంలో, దొంతరని అదిమిపట్టే ఇనుప దిమ్మ కింద అతని కుడిచెయ్యి పడింది. కత్తి దిగకముందే పక్కనున్నవాడు యంత్రం ఆపాడు. చెయ్యి దక్కింది. కానీ కట్టు విప్పేసరికి మూడు వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం కదిలేవి.

డాక్టరు వరండాలోకి వచ్చి మాతో మాట్లాడాడు. ఆపరేషన్ చేస్తే ఆ మూడు వేళ్ళూ తెరుచుకోవచ్చు. లేదా, ఇప్పుడు కదులుతున్న రెండూ కూడా పోవచ్చు. ఏది అవుతుందో సగం సగం. చెయ్యాలంటే ఇప్పుడే చెయ్యాలి, నరాలు బిగుసుకుపోయాక కత్తి పెట్టీ లాభం లేదు.

అన్నయ్య నావంక చూశాడు. నేను నేలవంక చూశాను. అతను వదినవంక తిరిగాడు. "నువ్వే చెప్పవే. నావల్ల కాదు."

వదిన ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, అచ్చుని పరీక్షించినట్టే అటూ ఇటూ తిప్పి చూసింది. డాక్టర్ని ఒక్కటే అడిగింది. "ఈ రెండిటికీ ఏమీ కాదని మాటిస్తారా?"

"ఇవ్వలేనమ్మా."

"అయితే వద్దండి."

నేను ఆవిడ మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "వదినా, తొందరపడకు. ఇంకో ఇద్దర్ని అడుగుదాం."

"ఎవర్నడిగినా సగం సగమే అంటారు మరదలా. అడిగిన కొద్దీ సగం పెద్దదవుతుందా?" అంది. వెనక్కి తిరిగి ఆ చేతివంక చూసి, "జత చేతిలో ఉంది. దాన్ని పణం పెట్టి మూడు ముక్కలు అడగలేను" అంది. అప్పటికి నాకు పేకాట రాదు. ఆ మాట అర్థం కాలేదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కాబట్టి సగం అధికారం నాకూ ఉందనుకుని ముఖం ముడుచుకుని కూర్చున్నాను.

అచ్చాపీసువాళ్ళు అన్నయ్యని పంపెయ్యలేదు. ముందుగదిలో బల్ల వేసి, వచ్చినవాళ్ళ దగ్గర పని ఒప్పుకునే ఉద్యోగం ఇచ్చారు. వెనకగదిలోకి కొత్త మనిషి వచ్చాడు, ఆ తర్వాత జిగురు యంత్రం వచ్చింది. ఇంటికొస్తే అన్నయ్య చేతిని తువాలు కింద దాచుకుని కూర్చునేవాడు. ముక్కలు పట్టుకుంటే వేళ్ళకి పని దొరుకుతుందని, అన్నయ్యని అల్లుడుగారూ అని పిలిచే మేస్త్రిగారు సలహా చెప్పాడు. అలా వదిన పళ్ళ డబ్బా ఇంటికి తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు వంటింటి బల్ల దగ్గర నలుగురం కూర్చునేవాళ్ళం. అన్నయ్య, వదిన, మేస్త్రిగారు, నేను.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. తలా ఐదు ముక్కలు పంచుతారు. నచ్చనివి పారేసి కట్టలోంచి అన్నే తెచ్చుకోవచ్చు. తెచ్చుకునే ముందొకసారి, తర్వాతొకసారి పందెం. ముక్కలు బాగుంటే, లేదా బాగున్నాయని ఎదుటివాళ్ళని నమ్మించగలిగితే, బల్ల మధ్యలోకి పళ్ళు తోస్తారు. మిగతావాళ్ళు అన్నే పళ్ళు పెట్టి నిలబడాలి, లేదంటే ముక్కలు బోర్లించి తప్పుకోవాలి. దీన్ని మేం మూసెయ్యటం అనేవాళ్ళం. చివరిదాకా నిలబడ్డవాళ్ళలో పెద్ద ముక్కలున్నవాళ్ళది గెలుపు. అందరూ భయపడి మూసేస్తే చేతిలో చిల్లిముక్క లేనివాడు కూడా గెలుస్తాడు.

అన్నయ్యకి ఈ ఆట రాసిపెట్టిలేదు. మంచి ముక్కలొస్తే చెవులు ఎర్రబడేవి. చెడ్డవొస్తే వాతావరణం గురించి మాట్లాడేవాడు. వదిన ఎదుటివాళ్ళ దవడలు చూసేది. ముక్కలు నచ్చినవాళ్ళు పళ్ళు బిగిస్తారనీ, బుకాయించేవాళ్ళు వదులుగా పెడతారనీ ఆవిడ అనుభవం.

"నా మొహం చూడకే, నీ ముక్కలు చూసుకో!"

"మీ మొహమే కదండీ నా ముక్కలు."

"చూశావా బుడ్డీ, నా దవడపళ్ళన్నీ రాలగొట్టింది మీ వదిన!"

"కట్టిస్తా లెండి. అదేగా నా ఉద్యోగం."

ఒకసారి నేను ఏమీ లేకుండా బుకాయించి, ఇద్దర్నీ మూయించి, మేస్త్రిగారి ముందు బోల్తాపడ్డాను. ఆయన దగ్గరా ఏమీ లేదు. నాకంటే ఒక్క ముక్క పెద్దది, అంతే. "తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడమ్మా" అని నా పళ్ళు ఊడ్చుకున్నాడు. వదిన రెండు రోజులు నన్ను బోసినోటమ్మా అని పిలిచింది.

మూసేసినవాళ్ళకి ఒక దురద ఉంటుంది. ఉండి ఉంటే ఏ ముక్క వచ్చేదో అని. ఆట అయిపోయాక కట్ట మీది ముక్క తిప్పి చూడటం మాకందరికీ అలవాటు. అందరికంటే తొందర వదినకే. "ఉండండి, ఉండండి, కలపకండి" అంటూ బల్ల మీదికి వంగి తిప్పేది. "చూశారా! రాణే! నాకు రావాల్సిన రాణి!" అని నుదురు కొట్టుకునేది. పనికిరాని ముక్క వస్తే పసిపిల్లలా సంబరపడేది. "మూసెయ్యటం మంచిదైంది!"

ఆటల్లో ఆవిడ మాకు ఏవేవో సూత్రాలు చెప్పేది. వచ్చిన ప్రతి ముక్కా ఆడాలనుకునేవాడికి సాయంత్రానికి పళ్ళుండవు. సరిగ్గా ఆడి ఓడినవాణ్ణి తిట్టకూడదు, తప్పుగా ఆడి గెలిచినవాణ్ణి మెచ్చుకోకూడదు. "ముక్కలు చూసి నిర్ణయించాలి. ఫలితం చూసి ఎవడైనా నిర్ణయిస్తాడు" అనేది. ఇంత చెప్పి, మళ్ళీ కట్ట మీది ముక్కకి చెయ్యి చాచేది. "గురువుగారికి నీతులు గుర్తులేవు" అని అన్నయ్య వెక్కిరించేవాడు.

ఒక ఆదివారం అది ఆగిపోయింది. ఆరోజు అన్నయ్య చాలాసేపు తటపటాయించి మూసేశాడు. వదినే గెలిచింది. అన్నయ్య మామూలుగా కట్ట మీదికి చెయ్యి పోనిచ్చాడు. వదిన అరచెయ్యి ముందే కట్ట మీద పడింది.

"వద్దండి."

"ఏం వద్దు?"

"ఇకనుంచి చూడొద్దు. మూసేశాక మూసేసినట్టే."

"ఏమిటే, నిన్నటిదాకా నువ్వేగా అందరికంటే ముందు తిప్పేదానివి!"

"నిన్నటిదాకా నాకు బుద్ధి లేదు. వద్దన్నానా?"

"చూస్తే ఏం పోతుందే? ముక్కేం కరుస్తుందా?"

"కట్ట కలిపేస్తున్నా" అంటూ చకచకా కలిపేసింది. ముక్కలు కొన్ని నేలమీద పడ్డాయి. ఆవిడ చేతిలోంచి ముక్కలు జారటం నేను అంతకుముందు చూడలేదు. మేస్త్రిగారు తలెత్తలేదు. ఆట అయిపోయినా తన చేతిలో ముక్కలవంకే చూస్తూ కూర్చున్నాడు. ఓడిపోయిన బాధ అనుకున్నాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో కట్ట మీది ముక్క ఎవరూ చూడలేదు. అన్నయ్య కొన్నాళ్ళు గొణిగాడు. వదిన నిద్రపోతున్నప్పుడు చూస్తానని బెదిరించాడు. "నిద్రపోయేటప్పుడు కట్ట కలిపే పడుకుంటా" అంది వదిన. చివరికి అదీ ఒక అలవాటైంది. ఆట అవగానే ఆవిడ అరచెయ్యి కట్ట మీద వాలేది.

నేను దాన్ని వేదాంతం అనుకున్నాను. మనిషి పెరిగిన కొద్దీ ఆట కూడా పెరుగుతుందనీ, ఆవిడ తన సూత్రాలకి తానే తలవంచిందనీ నాకు నేను చెప్పుకున్నాను. నాకు ఉపయోగపడింది కూడా. గ్రంథాలయంలో పై ఉద్యోగం ఒకటి వస్తే, వేరే ఊరు వెళ్ళలేక వద్దన్నాను. తర్వాత నెలల తరబడి, వెళ్ళుంటే ఎలా ఉండేదో అని అందరి ప్రాణాలూ తీశాను. వదిన ఒకరోజు గిన్నెలు తోముతూ, "కట్ట కలిపేశాం మరదలా. ఇక ఆ ముక్క ఎక్కడుందో దానికే తెలీదు" అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఆ మాట నేను చాలామందికి చెప్పాను, సొంత మాటలా.

అన్నయ్యకి మాత్రం అది పనిచేసేది కాదు. అతనికి బతుకంతా "ఆరోజు" మీదే ఆగింది. చలిగా ఉండి చెయ్యి సలిపినప్పుడు, గుండీ ఒకటి మొండికేసినప్పుడు, బజార్లో ఎవరో చేతులు ఊపుకుంటూ పోతున్నప్పుడు, "ఆరోజు సరే అని ఉంటే?" అనేవాడు. వదిన జవాబు ఒక్కటే. "కట్ట కలిపేశాం కదండీ." కొన్నిసార్లు అతను నవ్వేవాడు, కొన్నిసార్లు లేచి వెళ్ళిపోయేవాడు.

ఒకసారి గ్రంథాలయంలో పుస్తకమొకటి వీపు ఊడి నా చేతికొచ్చింది. జిగురు యంత్రం పని. అన్నయ్యకి చూపించి నవ్వుకుందామని తీసుకెళ్ళాను. అతను నవ్వలేదు. లోపలికెళ్ళి పాత సూదీ దారం తెచ్చుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూది పట్టుకున్నాడు. కాగితాల మడతని పట్టి ఉంచాల్సిన వేళ్ళు మూసుకునే ఉన్నాయి. సూది జారింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. పుస్తకం గోడకేసి కొట్టాడు. పేజీలు వంటింటి నిండా పడ్డాయి.

"నువ్వు వద్దన్నావు కాబట్టే!" అని అరిచాడు వదిన మీద. "సగం సగం అన్నాడు కదే! ఆ మంచి సగం నాకెందుకు రాకూడదు? నీ పిరికితనం నా చేతికి చుట్టుకుంది!"

నేను అడ్డం వెళ్ళబోయాను. వదిన నన్ను కళ్ళతోనే ఆపింది. తను ఏమీ సమర్థించుకోలేదు. జత మాట చెప్పలేదు, మీరే నన్ను చెప్పమన్నారు అనలేదు. ఆవిడ దవడ బిగుసుకోవటం మాత్రం చూశాను. మంచి ముక్క చేతిలో ఉంటే బిగుసుకుంటుందని ఆవిడే చెప్పింది కాబట్టి, ఏదో గట్టి సమాధానం వస్తుందని ఎదురుచూశాను.

"అవును. నేనే వద్దన్నాను" అంది. వంగి పేజీలు ఏరింది. వరస సరిచేసింది. సూది వెతికి దారం ఎక్కించి అన్నయ్య పక్కన కూర్చుంది. "ఎక్కడ గుచ్చాలో చెప్పండి. నావి ఐదూ పనిచేస్తాయి."

ఆవిడ సూది పట్టుకుని అలాగే ఉంది.

"అక్కడ కాదు" అన్నాడు చివరికి. "మడత మీద. మడత మీదంటే నీకు కనబడటం లేదా? కళ్ళు నెత్తికెక్కాయా?"

"నెత్తి మీద నుంచే బాగా కనిపిస్తోంది. చెప్పండి."

ఆ పుస్తకం కాస్త వంకరగా తయారైంది. గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. తర్వాత వదిన ఆ పని నేర్చుకుంది. సాయంత్రాలు అన్నయ్య పక్కన కూర్చుని తిడుతూ ఉండేవాడు, ఆవిడ కుడుతూ ఉండేది. మైనం అలవాటున్న చేతులు కాబట్టి దారానికి మైనం పట్టించటంలో అన్నయ్యనే మించిపోయింది. ఆ సంగతి అతను ఒప్పుకోలేదు, కాని వచ్చినవాళ్ళకి ఆ పుస్తకాలు తీసి చూపించేవాడు. "మా ఆవిడ కుట్టింది. చెప్పింది మాత్రం నేను" అనేవాడు. "ఆరోజు" అనటం తగ్గింది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను.

వదిన పోయాక కొన్ని ఆదివారాలు మేం కలుసుకోలేదు. ఒకరోజు అన్నయ్యే కబురు చేశాడు. వెళ్ళేసరికి బల్ల మీద పళ్ళు మూడు కుప్పలుగా పోసి ఉన్నాయి. మేస్త్రిగారు అప్పటికే వచ్చి కూర్చున్నాడు, చేతికర్ర కుర్చీకి ఆనించి.

"కడిగి పెట్టినవి వాడకపోతే ఊరుకోదు మీ వదిన" అన్నాడు అన్నయ్య.

ఆడాం. ఎవరి దవడా ఎవరూ చూడలేదు. ఆట మెల్లగా సాగింది. మూడో నాలుగో పంపకంలో అన్నయ్య ముక్కలు చూసుకుని, వాతావరణం గురించి ఒక మాట అని, మూసేశాడు. మేస్త్రిగారు పళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. అన్నయ్య కట్టవంక చూస్తూ కాసేపు కూర్చున్నాడు.

"ఇప్పుడు చూడొచ్చుగా" అన్నాడు. "అడ్డుపడే మనిషి లేదుగా."

రెండు వేళ్ళు చాచాడు. చూడనియ్యి పాపం అనే నాకనిపించింది. ఇన్నేళ్ళ ముచ్చట. కాని మేస్త్రిగారి అరచెయ్యి కట్ట మీద వాలింది. ముడతలు పడిన చెయ్యి. అయినా గట్టిగానే పడింది.

"వద్దు అల్లుడుగారూ."

"మీరు కూడానా!"

"మీ ఆవిడ పెట్టిన రూలు. మనిషి పోతే రూలు పోతుందా?"

"ఆవిడ ఎందుకు పెట్టిందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పిందా?"

అన్నయ్య ఆయన చేతికింద నుంచి కట్ట మెల్లగా లాక్కున్నాడు. తిప్పుతాడేమో అనుకున్నాను. తిప్పలేదు. ముడుచుకున్న వేళ్ళ మీద కట్టని ఆనించి, మంచి వేళ్ళతో రెండు భాగాలు చేసి, అవస్థపడుతూ కలిపాడు. "సరేనే, కలిపేశా" అన్నాడు. మాలో ఎవరితోనూ కాదు.

మేస్త్రిగారిని నేనే కిందికి దింపాను. మెట్ల మలుపులో ఆయన ఆయాసం తీర్చుకోవటానికి ఆగాడు. ఉండబట్టలేక అడిగేశాను. "ఒక్క ముక్క చూస్తే ఏం పోయేది మేస్త్రిగారూ? ఎందుకాపారు?"

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు.

"ల్యాబుకి ఒక పెద్దాయన వచ్చాడమ్మా, చాలా ఏళ్ళ కిందట. పళ్ళ సెట్టు రెండుగా విరిగింది. విరిగినవి అతికించటానికి మనుషులు నేరుగా మా దగ్గరికే వస్తారు కదా. మీ వదిన అతికిస్తోంది, ఆయన ఎదురుగా కూర్చున్నాడు. కుడిచేతి వెనక ఇంత పొడుగు మచ్చ. మీ వదిన అడిగింది, ఏమైందండీ అని. యంత్రం కింద పడిందమ్మా, మూడు వేళ్ళు ముడుచుకుపోయాయి అన్నాడు. ఎవరు చూశారు అని అడిగింది. మీరు చూపించిన డాక్టరే. ఆయనకీ సగం సగమనే చెప్పాడట. వాళ్ళ కొడుకు సరే అన్నాడట."

నేను పైన అన్నయ్య తలుపువంక చూశాను.

"నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. మీ వదిన ఏమీ అనలేదు. ఇంట్లో చెప్పొద్దని నన్ను అడగనూ లేదు. ఊరికే నావంక చూసింది. పేకాడేవాళ్ళం కదమ్మా, ఆ మాత్రం చూపు చాలు. ఆ వచ్చిన ఆదివారమే కట్ట మీద చెయ్యి పెట్టింది."

కింద ఎవరో తలుపు వేసిన చప్పుడైంది. మేస్త్రిగారు చేతికర్ర అందుకున్నాడు, కాని లేవలేదు.

"పళ్ళు అతికించి ఆయన నోట్లో పెట్టి, అద్దం చేతికిచ్చింది. ఆ చేత్తోనే పట్టుకున్నాడమ్మా. ఐదు వేళ్ళతో. పళ్ళు చక్కగా కూర్చున్నాయి, నాకు కనిపిస్తూనే ఉంది. ఇక పంపెయ్యొచ్చు. అయినా మీ వదిన, ఇంకాసేపు పట్టుకోండి, సరిగ్గా చూడాలి అని ఆయన్ని అట్లాగే కూర్చోబెట్టింది."